మబ్బుల లేసే పిల్ల

మహిమకు పొద్దున లేవగానే, ముఖం కడుక్కోవడం కంటే ముందు, ఆకాశం చూసే అలవాటు. ఆ అలవాటు వల్ల సక్కుబాయి ఇంట్లో ఎన్ని పాపడ్లు ఎండాయో, ఎన్ని తడిశాయో చెప్పడం కష్టం.

ఆదిలాబాద్‌లో మహిమ అద్దెకుండే పై గది సక్కుబాయిది. ఆమె పాపడ్లు ఒత్తి దుకాణాలకు వేస్తుంది. కరీంనగర్ నుంచి వచ్చి తన ఇంట్లో దిగిన ఈ పిల్ల విమానం నడపడం నేర్చుకుంటోందని తెలిసిన రోజు ఆమె నోరు వెళ్లబెట్టింది. మర్నాటి నుంచే ఆ చదువును తన పనికి వాడుకోవడం మొదలుపెట్టింది. "పోరీ, ఇయ్యాల పాపడ్లు ఎండేద్దునా, వద్దా?" అని కింది నుంచే అడిగేది. మహిమ డాబా మీద నిలబడి, డిష్ పైపుకు తాను కట్టిన పాత చీర అంచు ఎటు ఊగుతోందో చూసి, ఫోన్‌లో వాతావరణం చూసి, పడమటి దిక్కుకు కళ్లు చికిలించి, "ఎండెయ్ పెద్దమ్మా, ఫికర్ లేదు" అనేది. సగం రోజులు ఆ మాట నిలబడేది. మిగతా సగం రోజులు సక్కుబాయి తడిసిన చాప చుట్టుకుని మెట్లు దిగుతూ, ఈ పిల్ల నడిపే విమానం మాత్రం జన్మలో ఎక్కకూడదని గట్టిగా అనుకునేది.

మహిమకు ఇంకా చాలా అలవాట్లు అంటుకున్నాయి. సాయంత్రం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాపడ్ల కర్ర రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని ఊహలో విమానాన్ని గాల్లో ఒక రౌండు తిప్పి కిందికి దించేది. దించేటప్పుడు నోటితో చిన్న చప్పుడు కూడా చేసేది. ఆటో ఎక్కితే రోడ్డు దాటేముందు "ఎడమ క్లియర్, కుడి క్లియర్" అని తనకు తెలియకుండానే పైకి అనేది. డ్రైవర్ అద్దంలోంచి వింతగా చూసేవాడు. రోజూ విమానాల స్కూలుకు చేరగానే విమానం చుట్టూ ఒక్కసారి నడిచి, రెక్కను, తోకను, చక్రాలను చేత్తో తట్టి చూసేది. తట్టడం అవసరం లేదు, చూస్తే చాలు. కానీ అది వాళ్ల బాపు దగ్గర నేర్చుకున్న పని.

బాపు పేరు ఏలియా. కరీంనగర్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. తెల్లవారకముందే లేచి బస్సు కడిగి, చుట్టూ తిరిగి ఒక్కో టైరును తట్టి, ఆ తర్వాతే స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. చిన్నప్పుడు మహిమ నీళ్ల బకెట్ పట్టుకుని ఆయన వెంట తిరిగేది. రోజూ ఆ చీకట్లో ఆయన ఆమె మంచం దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ నిద్ర చెడకుండా, "లేసినవా బిడ్డా?" అని మెల్లగా అడిగేవాడు. ఇప్పటికీ అదే వేళకు ఫోన్ చేసి అదే మాట అడుగుతాడు.

ఆ వేళను కరీంనగర్ వైపు మబ్బు అంటారు. మబ్బుల లేచిండు, మబ్బుల పోయిండు అంటే తెల్లవారకముందు చీకటి ఉండగానే అని అర్థం. మరి ఆకాశంలో తేలేదాన్నేమంటారంటే, మొగులు అంటారు. మహిమ పుట్టి పెరిగిన ఇంట్లో ఈ రెండు మాటలూ ఎప్పుడూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. అడ్డం రావడానికి విజయనగరం నుంచి ఒక మనిషి రావలసి వచ్చింది.

ఆ మనిషి కెప్టెన్ పైడిరాజు. ఇచ్చోడ వెళ్లే దారిలో, టేకుచెట్లు పలచబడి పత్తి చేలు మొదలయ్యే చోట ఉంది వాళ్ల స్కూలు. రెండు చిన్న విమానాలు, ఒక రేకుల షెడ్డు, గాలి ఎటు వీస్తోందో చూపే ఒక గాలిసంచి, అప్పుడప్పుడు రన్‌వే దాటే మేకల మంద. పైడిరాజు ఆ ఎండాకాలమే అక్కడికి గురువుగా వచ్చాడు. మంచివాడే, కానీ ప్రాణానికి సంబంధించిన విషయంలో ఆయన దగ్గర నవ్వు దొరకదు. పాఠమంతా ఇంగ్లీషులో చెబుతాడు. ఇంగ్లీషులో క్లౌడ్ అంటే క్లౌడే కాబట్టి ఇన్నాళ్లూ ఏ గొడవా రాలేదు.

గొడవంతా వాన తెచ్చింది. ఎండాకాలం మిగతా పిల్లలంతా పక్కన గురువు లేకుండా ఒంటరిగా ఎగిరి దిగారు. దాన్నే సోలో అంటారు. ఒక్కసారి సోలో అయితే విద్యార్థికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది, అది కాలేదంటే ఎంత నేర్చినా ఇంకా పక్క సీటు నీడలోనే ఉన్నట్టు ఉంటుంది. తన వంతు వచ్చేసరికి మహిమ టైఫాయిడ్‌తో మంచం ఎక్కింది. లేచి వచ్చేసరికి మిరుగం చొచ్చింది, వానలు మొదలయ్యాయి. స్కూల్లో ఎగరడం మొదలయ్యేది తొమ్మిదికి. సరిగ్గా ఆ వేళకే ఎక్కడినుంచో మొగులు వచ్చి రన్‌వే మీద కూర్చునేది. టీ తాగేవాళ్లు, చూసేవాళ్లు. మళ్లీ టీ. మహిమ కంటే ముందే సోలో కొట్టేసిన ఆదిలాబాద్ పిల్లాడు మోయిజ్ షెడ్డులో క్యారమ్స్ ఆడుతూ, "జర ఓపిక పట్టు మహిమా, మొగులుకు గూడ బుద్ధొస్తది" అనేవాడు. మధ్యాహ్నానికి గాలి లేచేది, సాయంత్రానికి వాన కొట్టేది, మహిమ ఆటో ఎక్కి ఇంటికి వచ్చేది.

"లేసినవా బిడ్డా?" అని బాపు ఫోన్‌లో అడిగితే, "నేను లేసిన బాపూ, విమానమే లేవలే" అనడం ఆమెకు అలవాటైపోయింది. నవ్వుతూనే అనేది, కానీ ఫోన్ పెట్టేశాక నవ్వు వచ్చేది కాదు. వానలు ముదిరితే రన్‌వే బురదవుతుందని, విమానాలను మరమ్మతులకు పంపి దసరా దాకా స్కూలు మూస్తారని అప్పటికే చెప్పేశారు. అంతదాకా ఆగితే చేయి మరిచిపోతుందని మహిమ భయం. అంతకంటే పెద్ద భయం, తన వల్ల కాదేమోనని తానే నమ్మడం మొదలుపెడుతుందని.

ఇంటి దగ్గర ఆమె కోసం వేరే పోరాటం నడుస్తోంది. హుజూరాబాద్ దగ్గరి వాళ్ల సొంతూరి చర్చిలో ఆదివారం అందరూ లేచి నిలబడి నారుమళ్ల కోసం వాన అడిగారు. ఆ వెంటనే మహిమ తల్లి మగ్దలేనమ్మ లేచి, తన బిడ్డ సోలో అయ్యేదాకా వాన ఆపమని ప్రార్థించాలని కోరింది. చర్చంతా ఆమె వైపు తిరిగింది. పాస్టరు ఫిలిప్ అయ్యగారు కాసేపు ఆలోచించి, "ప్రభువా, హుజూరాబాద్ మీద కురిపించు, ఆదిలాబాద్ మీద జర ఆపు" అని ప్రార్థన ముగించాడు. ఆమేన్ అన్నవాళ్లలో రైతులే ఎక్కువ కాబట్టి ఆ ప్రార్థనలో రెండో సగం అంత బలంగా పైకి పోలేదని మగ్దలేనమ్మ అనుమానం.

మహిమ మాత్రం ప్రార్థనతో ఆగలేదు. రోజూ డాబా మీద నిలబడి చూస్తున్న పిల్ల కదా, ఒక సంగతి పట్టేసింది. పొద్దు పొడిచేవేళ ఆకాశం తేటగా ఉంటోంది. చీర అంచు కదలను కూడా కదలడం లేదు. మొగులు వచ్చేది ఆ తర్వాతే. అందరూ చీకటితోనే వచ్చి విమానం సిద్ధం చేసుకుంటే, పొద్దు పొడవగానే ఎగిరి దిగవచ్చు. ఇంత సులువైన సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఆ రోజు నేరుగా కెప్టెన్ దగ్గరికి వెళ్లింది.

"సార్, తొమ్మిదికైతె ఇగ ఈ సీజన్ల నా సోలో కాదు. మనం మబ్బులనే పోదాం సార్."

పైడిరాజు టీ గ్లాసు దించాడు. "ఎక్కడికి పోదాం?"

"పైకి సార్. మబ్బుల అయితె గాలి ఉండది. విమానం మంచిగ లేస్తది."

"మబ్బుల్లోనా?"

"మబ్బులనే సార్. నాకు చిన్నప్పటి సంది అలవాటే. మా బాపు నేర్పిండు."

"మీ నాన్నగారు పైలటా అమ్మా?"

"కాదు సార్, బస్సు నడుపుతడు."

పైడిరాజు ఆమెను చాలాసేపు చూశాడు. మబ్బులో దూరితే నేల ఏదో నింగి ఏదో తెలియదు. ఆరితేరిన వాళ్లే అందులో దారి తప్పుతారు, నేర్చుకునే పిల్లలు దాని దరిదాపులకు పోకూడదని ఆయన మొదటి రోజు నుంచీ చెబుతున్నాడు. ఈ పిల్ల చూస్తే నవ్వుతూ అందులోకే పోదామంటోంది. "ఈ మాట ఇంకోసారి నా దగ్గర అనకు" అన్నాడు. "ఇలాగంటే నిన్ను ఒక్కదాన్ని పంపడం నా వల్ల కాదమ్మా. ఈ సీజన్లో నీకు సోలో లేదు."

మహిమ బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. పెందలాడే లేవమన్నందుకు ఇంత కోపమా అనుకుంది. సారుకు నిద్రంటే అంత ఇష్టమని ఆమెకు తెలియదు. ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా, పాపడ్ల కర్రను ముట్టుకోకుండా పడుకుంది. వచ్చిన ఏడుపును సక్కుబాయికి వినపడకుండా దిండులో కుక్కుకుంది.

మరుసటి రోజు కెప్టెన్ ఆమె ఇంటికి ఫోన్ చేశాడు. పిల్లకు ఈ పిచ్చి ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఆయన ఉద్దేశం. ఫోన్ మగ్దలేనమ్మ ఎత్తింది.

"మీ అమ్మాయి మబ్బుల్లో లేస్తానంటోందమ్మా. ఇది మీకు తెలుసా?"

"తెల్వకేంది సార్. అది పుట్టినప్పటి సంది మబ్బులనే లేస్తది. మేమెన్నడు ఆపలే."

"మీకు భయం లేదా?"

"భయమెందుకు సార్? మేం ప్రార్థన గూడ మబ్బులనే చేస్తం. దేవుడు గప్పుడే దగ్గరుంటడు."

దేవుడు దగ్గర ఉండే మాట నిజమేనని పైడిరాజు మనసులో అనుకుని ఫోన్ పెట్టేశాడు. అటు మగ్దలేనమ్మకు మాత్రం కెప్టెన్ స్వయంగా ఫోన్ చేసి బిడ్డ అలవాట్లు అడగడం శుభసూచకంగా తోచింది. సోలో దగ్గర పడకపోతే అంత పెద్దాయన ఎందుకు ఫోన్ చేస్తాడు? ఏలియా బడికి సెలవు చెప్పాడు. ఆమె రాత్రే పిండి కలిపి సర్వపిండి చేసి డబ్బా నింపింది. ఇద్దరూ బస్సెక్కి ఆదిలాబాద్ వచ్చేశారు.

గుమ్మంలో అవ్వ మగ్దలేనమ్మనూ బాపునూ చూడగానే మహిమ పరుగెత్తి ఎదురెళ్లింది. అవ్వ ఫోన్ ముచ్చటంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మహిమకు అందులో తప్పేమీ వినిపించలేదు. ఇంటిమాటలే కదా. సారుకు పెందలాడే లేవడం మీద పగ ఉందని మాత్రం ఇంకా గట్టిగా నమ్మింది. "అవ్వా, సారు నన్ను పంపనన్నడు" అని చెప్పేసింది. మగ్దలేనమ్మ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏలియా చెప్పులు విప్పబోయినవాడు మళ్లీ తొడుక్కున్నాడు. "పోయి సారుతో ఒక మాట మాట్లాడొద్దాం పా" అన్నాడు. ఈ పంచాయితీ తను లేకుండా తెగదని సక్కుబాయి కూడా ఆటోలో కూర్చుంది.

వాళ్లు వెళ్లేసరికి వాన వెలిసింది. షెడ్డులో మోయిజ్ క్యారమ్ బోర్డు ముందు ఒక్కడే ఆడుకుంటున్నాడు. పైడిరాజు లేచి అందరికీ కుర్చీలు వేయించాడు. మగ్దలేనమ్మ సర్వపిండి డబ్బా బల్ల మీద పెట్టింది. ఏలియా కూర్చోకుండానే, "సార్, పిల్ల తప్పేమన్న చేస్తె చెప్పుండ్రి. మేం సముదాయిస్తం" అన్నాడు.

"తప్పు కాదు ఏలియా గారూ, ప్రాణం. మీరింట్లో అంతా కలిసి దీన్ని ప్రోత్సహిస్తున్నారు. నేను పంపలేను."

ఏలియా ఎదురు చెప్పే మనిషి కాదు. బిడ్డ ముఖం ఒకసారి చూసి తల దించుకున్నాడు. "సరే సార్. మీరు పెద్దోళ్లు. మేం రేపు మబ్బులనే పోతం ఇగ. కరీంనగర్ బస్సు మబ్బులనే ఉన్నది."

"ఏటి ఉంది?"

"బస్సు సార్. ఎక్స్‌ప్రెస్."

"బస్సు మబ్బుల్లో పోతుందా?"

"రోజు గట్లనే పోతది సార్. నిర్మల్ మీదికెల్లి."

పైడిరాజు మహిమను చూశాడు, ఏలియాను చూశాడు, బయట తడిసిన రోడ్డును చూశాడు. సక్కుబాయి సాయం చేద్దామనుకుంది. "బస్సేంది సార్, నేను గూడ రోజు మబ్బులనే లేసి పాపడ్లు ఒత్తుత" అంది.

క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ జారిపోయింది. మోయిజ్ కడుపు పట్టుకుని బెంచీ మీదికి వాలిపోయాడు. "సార్, మబ్బు అంటే క్లౌడ్ కాదు సార్. ఫజర్ సార్, ఫజర్. పొద్దుగాల నమాజ్ వేళ. ఇంక తెల్లారదు సూడుండ్రి, గప్పుడు."

పైడిరాజు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "తెల్లారగట్లా?"

"గట్లనే అన్న కద సార్" అంది మహిమ.

"మరైతే ఆకాశంలో ఉండేదాన్నేమంటారమ్మా?"

"మొగులు" అన్నారు ఐదుగురూ ఒక్కసారే.

కెప్టెన్ పైడిరాజు నవ్వగా మహిమ చూడటం అదే మొదటిసారి. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కళ్లలో నీళ్లు వచ్చాయి. పక్కనున్న డబ్బా తెరిచి ఒక సర్వపిండి ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. "రాత్రంతా నిద్రపోలేదమ్మా నేను. తల్లి ఏటి ఇలాగుంది, దేవుడు మబ్బుల్లోనే దగ్గరుంటాడని అంత నిబ్బరంగా చెబుతోందేటి అని." అప్పటికి గానీ మహిమకు మొత్తం అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. సారు నిద్రపోతు అనుకున్న మాట మాత్రం ఆమె ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు.

పైడిరాజు లేచి ఫైర్ బండి వాళ్లకు ఫోన్ చేశాడు, పెట్రోలు పోసే మనిషికి చేశాడు. ఆఖరికి ఏలియా వైపు తిరిగి, "మీ బస్సు రేపు వదిలేయండి. మనందరం మబ్బులనే ఇక్కడికొద్దాం" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో కొంచెం అడ్డదిడ్డంగా పలికింది. ఎవరూ సరిదిద్దలేదు.

మర్నాడు చీకటితోనే అందరూ చేరారు. గాలిసంచి సన్నగా వేలాడుతోంది. తూర్పు తేటగా ఉంది. పడమట మాత్రం, ఫిలిప్ అయ్యగారి ప్రార్థన మొదటి సగం దారి తప్పినట్టు, ఒక నల్లటి గీత కనబడుతోంది. మహిమ ఆ గీతను చూసింది, పైడిరాజు కూడా చూశాడు. ఆమె విమానం చుట్టూ నడిచి రెక్కను తట్టింది, తోకను తట్టింది, చక్రాలను తట్టింది. కంచె అవతల నిలబడ్డ ఏలియా అది చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

పొద్దు పొడవగానే కెప్టెన్‌ను పక్కన పెట్టుకుని ఆమె కొన్ని రౌండ్లు కొట్టింది. ఒకసారి కొంచెం ఎగిరిపడుతూ దించింది. ఆయన ఇంకో రౌండు కొట్టమన్నాడు. ఆ తర్వాత రన్‌వే చివర విమానం ఆపించి తలుపు తీశాడు. దిగి, తాను కూర్చున్న ఖాళీ సీటుకు బెల్టు బిగించాడు. "ఒక్క రౌండు. పడమటికి దూరం పోకు, అక్కడ మొగులుంది" అన్నాడు.

"మొగులు దిక్కు పోను సార్" అంది మహిమ.

ఒక్క మనిషి బరువు తగ్గేసరికి విమానం ఆమె అనుకున్నదాని కంటే ముందే నేల వదిలేసింది. పక్కకు చూస్తే బెల్టు పెట్టుకున్న ఖాళీ సీటు. చెప్పేవాళ్లు లేరు, తిట్టేవాళ్లు లేరు. "ఎడమ క్లియర్, కుడి క్లియర్" అని పైకే అనుకుంటూ తిప్పింది. కింద ఇచ్చోడ రోడ్డు మీద లారీలు ఇంకా లైట్లు వేసుకునే పోతున్నాయి. టేకు గుట్టల మీద చీకటి మిగిలి ఉంది, పత్తి చేల మీద మాత్రం వెలుగు పడింది. ఇన్నాళ్లూ డాబా మీద నిలబడి తలెత్తి చూసిన ఆకాశంలో తానే ఉందని తెలిసి ఆమెకు పట్టరాని సంతోషం వేసింది. పాట పాడుదామనుకుంది కానీ దించే వేళ దగ్గర పడింది. రన్‌వే ఎదురొచ్చింది. కుర్చీలో కూర్చుని పాపడ్ల కర్రతో ఎలా దించేదో అలాగే దించింది. నోటితో చేసే చిన్న చప్పుడు కూడా చేసింది. చక్రాలు నేలను తాకినట్టు ఆమెకే తెలియలేదు.

సోలో అయినవాళ్ల మీద బకెట్ నీళ్లు కుమ్మరించడం ఆ స్కూలు రివాజు. ఆ బకెట్ సక్కుబాయి ముందే పట్టుకుని నిలబడింది. తడిసిన పాపడ్లన్నిటి బాకీ ఒక్కసారే తీర్చుకుంది. రెండో బకెట్‌కు మోయిజ్ వెళ్తుండగానే చిటపటమని చినుకులు మొదలయ్యాయి. పడమటి నల్లగీత నెత్తి మీదికి వచ్చేసింది. మగ్దలేనమ్మ కొంగు నెత్తిన వేసుకుని, "దేవుడు రెండు మాటలు విన్నడు, వరుస మార్చిండంతే" అంది. పైడిరాజు షెడ్డు కింద నిలబడి, రేపటి నుంచి స్కూలు మబ్బులనే అని ప్రకటించాడు. మోయిజ్ బకెట్ అక్కడే పెట్టేశాడు.

ఏలియా మాత్రం వానలోనే నడిచి బిడ్డ దగ్గరికి వచ్చాడు. ఆమె జుట్టులోంచి, ముక్కు మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన చేయి ఎత్తి, విమానం రెక్కను మెల్లగా ఒకసారి తట్టాడు. తర్వాత, ఇంకెవరికీ నిద్ర చెడకుండా అడిగినట్టే మెల్లగా అడిగాడు.

"లేసినవా బిడ్డా?"

"లేసిన బాపూ" అంది మహిమ.